స్లీప్‌లోకి వెళ్లిన డెస్క్‌టాప్ ఎందుకు లేవదు?

మౌస్ ఎంత కదిపినా, స్పేస్‌బార్ ఎన్నిసార్లు నొక్కినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. క్యాబినెట్‌లో ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు వినిపించవచ్చు, అసలు ఏ చప్పుడూ లేకపోవచ్చు. ఒక నిమిషం చూసి, విసుగొచ్చి పవర్ బటన్ గట్టిగా నొక్కి పట్టుకుని, మళ్లీ ఆన్ చేయడం చాలామంది చేసే పని. కంప్యూటర్ మామూలుగానే ఆన్ అవుతుంది కాబట్టి విషయం అక్కడితో మర్చిపోతారు. రెండ్రోజులకు మళ్లీ అదే గొడవ. అప్పుడు ఒకరు విండోస్ ఫార్మాట్ కొట్టమంటారు, ఇంకొకరు ర్యామ్ తీసి తుడిచి పెట్టమంటారు, మరొకరు అసలు స్లీపే వద్దు, ఆపేసుకోమంటారు.

ఈ సలహాలన్నీ ఒక్కోసారి పనిచేస్తాయి. కానీ ఎందుకు పనిచేశాయో తెలియదు కాబట్టి, పనిచేయనప్పుడు ఏం చేయాలో కూడా తెలియదు. బయటికి ఒకేలా కనిపించే నల్ల స్క్రీన్ వెనక పూర్తిగా వేర్వేరు లోపాలుంటాయి. కంప్యూటర్ నిద్ర లేవడం ఒక్క దెబ్బలో జరిగే పని కాదు. కొన్ని మెట్లు వరసగా దాటాలి. ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో తెలుసుకుంటే సగం రిపేరు అయిపోయినట్టే. ఆ సంగతి చెప్పే గుర్తుల్లో చాలా వరకు పవర్ బటన్ నొక్కి పట్టుకోగానే చెరిగిపోతాయి. ఈ సమస్యలో జనం ఎక్కువగా నష్టపోయేది అక్కడే.

స్లీప్‌లో ఏది మెలకువగా ఉంటుంది

డెస్క్‌టాప్‌లో స్లీప్ అంటే చాలా వరకు ఎస్3 అనే స్థితి. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబరులో విడుదల చేసిన, కంప్యూటర్ కరెంటు వాడకాన్ని అదుపు చేసే ఏసీపీఐ ప్రమాణం ఈ నంబర్లు పెట్టింది. ఎస్0 అంటే పనిచేస్తున్న కంప్యూటర్. ఎస్5 అంటే షట్‌డౌన్ చేసినది. ఎస్4 అంటే హైబర్నేషన్, అంటే ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి ఆగిపోవడం. ఎస్3లో ప్రాసెసర్, ఫ్యాన్లు, డిస్కులు, గ్రాఫిక్స్ కార్డ్ అన్నీ ఆరిపోతాయి. ర్యామ్ మాత్రం బతికి ఉంటుంది. ర్యామ్ చిప్పుల్లో చార్జి నిలవదు, కారిపోతూనే ఉంటుంది. అందుకే డీడీఆర్3, డీడీఆర్4 రకాల్లో ప్రతి వరసనూ మామూలుగా 64 మిల్లీసెకన్లలోపు ఒకసారి తిరిగి నింపాలి. స్లీప్‌లో ఆ పని ర్యామ్ చిప్పులే సొంతంగా చేసుకుంటాయి. తెరిచి ఉంచిన ఫైళ్లు, సగం టైపు చేసిన పేజీ, బ్రౌజర్‌లోని ట్యాబులు అన్నీ ఆ కొద్దిపాటి కరెంటు మీదే ఆధారపడి ఉంటాయి.

ఆ కరెంటు ఎస్‌ఎంపీఎస్‌లో, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే పవర్ సప్లై డబ్బాలో, విడిగా ఉండే ఒక చిన్న విభాగం నుంచి వస్తుంది. మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టర్‌లో తొమ్మిదో పిన్నుకు, మామూలుగా ఊదారంగులో ఉండే వైరు దానిదే. దాన్ని 5 వోల్టుల స్టాండ్‌బై అంటారు. ప్లగ్గు పెట్టి స్విచ్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటర్ షట్‌డౌన్ చేశాక కూడా, ఈ విభాగం పనిచేస్తూనే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ మిగతా భాగానికి రాత్రిపూట విశ్రాంతి దొరుకుతుంది గానీ దీనికి దొరకదు. పాత సిస్టమ్‌లలో స్లీప్ సమస్యలు మొదలైనప్పుడు దీన్ని అనుమానించడానికి ఇదొక్కటే కారణం చాలు.

ఇక లేవడం ఎలాగంటే, కీబోర్డు మీద ఏదైనా నొక్కగానే మదర్‌బోర్డు ఆకుపచ్చ వైరు ద్వారా ఎస్‌ఎంపీఎస్‌కు ఆన్ అవ్వమని సంకేతం పంపుతుంది. ప్రధాన వోల్టేజీలు నిలదొక్కుకున్నాక ఎస్‌ఎంపీఎస్ గ్రే వైరు మీద అంతా సిద్ధమని తిరిగి చెబుతుంది. అప్పుడు బయాస్, అంటే మదర్‌బోర్డులోనే ఉండి అన్నిటికన్నా ముందు నడిచే ప్రోగ్రామ్, మొదలవుతుంది. కానీ మామూలు బూటింగ్‌లో చేసినట్టు ర్యామ్‌ను మొదటి నుంచి పరీక్షించదు. అలా చేస్తే అందులో ఉన్నదంతా పోతుంది. ముందే దాచుకున్న సెట్టింగులతో ర్యామ్‌ను తిరిగి పనిలోకి తెచ్చి, చిప్‌సెట్ రిజిస్టర్లను పాత స్థితికి చేర్చి, ఆపరేటింగ్ సిస్టమ్ నిద్రపోయే ముందు రాసిపెట్టిన మెమరీ చిరునామాకు అధికారం అప్పగిస్తుంది. అక్కడి నుంచి విండోస్ ఒక్కో డ్రైవర్‌నూ, అంటే ఒక్కో పరికరాన్ని నడిపే సాఫ్ట్‌వేర్‌నూ, లేపుతుంది. గ్రాఫిక్స్ కార్డ్ లేస్తుంది, మానిటర్‌కు సిగ్నల్ పంపుతుంది, మానిటర్ కూడా తన నిద్రలోంచి లేస్తుంది. ఈ వరసలో ఎక్కడ తెగినా బయటికి కనిపించేది ఆ నల్ల స్క్రీనే.

బటన్ నొక్కి పట్టుకునే ముందు

పవర్ బటన్‌ను నాలుగు సెకన్లు నొక్కి ఉంచితే విండోస్‌తో సంబంధం లేకుండా హార్డ్‌వేరే కరెంటు కట్ చేస్తుంది. అందుకే అది చివరి అస్త్రంగా ఉండాలి. అంతకు ముందు చేయాల్సినవి చాలా తేలిక.

మొదటిది క్యాప్స్‌లాక్. నొక్కితే కీబోర్డు మీద లైటు వెలిగి, మళ్లీ నొక్కితే ఆరుతోందా? ఆ లైటును వెలిగించేది ఆపరేటింగ్ సిస్టమ్. కాబట్టి లైటు మారుతుంటే విండోస్ బతికే ఉంది, పోయింది బొమ్మ ఒక్కటే. కొన్ని కొత్త వైర్‌లెస్ కీబోర్డుల మీద ఆ లైటే ఉండదు. అలాంటప్పుడు స్పీకర్లు ఆన్ చేసి వాల్యూమ్ మీటలు నొక్కి చూడవచ్చు, లేదా ఇంట్లో ఇంకో కంప్యూటర్ నుంచి దీనిలోని షేర్డ్ ఫోల్డర్ తెరవవచ్చు. తెరుచుకుంటే మెషిన్ పూర్తిగా లేచినట్టే.

రెండోది విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి మీటలను ఒకేసారి నొక్కడం. ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఉన్నపళంగా రీస్టార్ట్ చేస్తుంది. మామూలుగా చిన్న బీప్ వినిపించి, స్క్రీన్ ఒకసారి రెపరెపలాడుతుంది. ఇంత ఉపయోగపడే మీట గురించి తెలిసినవాళ్లు తక్కువమంది కావడం బాధాకరం, ఎందుకంటే సేవ్ చేయని పని ఎంతో దీనివల్ల దక్కుతుంది. మూడోది మానిటర్‌ను దాని సొంత బటన్‌తో ఆపి మళ్లీ ఆన్ చేయడం. నాలుగోది పవర్ బటన్‌ను ఒక్కసారి తట్టి వదలడం, పట్టుకోకుండా.

వీటన్నిటికీ ఫలితం లేకపోతే కొన్ని నిమిషాలు ఆగడం మంచిది. ఏదైనా డ్రైవర్ నిద్ర లేవకుండా మొండికేస్తే విండోస్ దాని కోసం కొంతసేపు ఎదురుచూస్తుంది. గడువు దాటాక బ్లూ స్క్రీన్ ఇచ్చి, ఏ డ్రైవర్ అడ్డం పడిందో డంప్ అనే రికార్డు ఫైల్లో రాసి రీస్టార్ట్ అవుతుంది. ఆ కోడ్ 9ఎఫ్, పేరు డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్. అరనిమిషంలోనే బటన్ నొక్కి పట్టుకునేవారికి ఆ డంప్ ఎప్పటికీ దొరకదు. దోషి పేరు విండోస్ రాయబోతుండగానే దాని పీక నొక్కినట్టవుతుంది.

విండోస్ బతికుండి బొమ్మ రాకపోతే

క్యాప్స్‌లాక్ వెలుగుతున్నా స్క్రీన్ నల్లగా ఉంటే ర్యామ్, ఎస్‌ఎంపీఎస్, బయాస్ వైపు చూడనక్కర్లేదు. గ్రాఫిక్స్ డ్రైవర్, కేబుల్, మానిటర్, ఈ మూడింట్లోనే లోపం ఉంటుంది. ఈ రకం సమస్య డిస్‌ప్లేపోర్ట్ కనెక్షన్లలో తరచుగా ఎదురవుతుంది. కొన్ని మానిటర్లు గాఢనిద్రలోకి వెళ్లినప్పుడు తాము ఉన్నామని చెప్పే సిగ్నల్ కూడా ఆపేస్తాయి. అప్పుడు కంప్యూటర్ దృష్టిలో ఆ మానిటర్‌ను పీకేసినట్టే. లేచేటప్పుడు ఇద్దరూ మళ్లీ ఒకరినొకరు గుర్తుపట్టాలి. ఆ పరిచయంలో ఒకరు ఆలస్యం చేస్తే మానిటర్ సిగ్నల్ లేదని చూపించి మళ్లీ పడుకుంటుంది. రెండు మానిటర్లు ఉన్నచోట తెరిచి ఉన్న విండోలన్నీ ఒకే స్క్రీన్ మీదికి వచ్చి కుప్పపడటానికి కారణం కూడా ఇదే.

దీనికి పరిష్కారం మానిటర్ సొంత మెనూలో ఉంటుంది. డీప్ స్లీప్ అనో, పవర్ సేవింగ్ అనో ఉన్న సెట్టింగ్‌ను ఆపాలి. ఇన్‌పుట్‌ను ఆటోలో వదలకుండా ఏ పోర్టు వాడుతున్నారో దానికే కట్టేయాలి. ఆ తర్వాత హెచ్‌డీఎంఐ కేబుల్‌తో ఒక వారం నడిపి చూస్తే అసలు గుట్టు తేలిపోతుంది. దాంతో సమస్య మాయమైతే గ్రాఫిక్స్ కార్డ్ బాగానే ఉన్నట్టు. డిస్‌ప్లేపోర్ట్ కేబుళ్లలో ఇంకో చిక్కుంది. ప్రమాణం ప్రకారం కేబుల్‌లో 20వ పిన్నును రెండు చివరలా కలపకూడదు. చౌకరకం కేబుళ్లలో కొన్నిటికి అది కలిపి ఉంటుంది. అప్పుడు మానిటర్ నుంచి 3.3 వోల్టుల కరెంటు వెనక్కి గ్రాఫిక్స్ కార్డులోకి పారుతుంది. కంప్యూటర్ ఆరిపోయి ఉన్నా కార్డులో కొంత భాగం సగం మేలుకుని ఉండి, ఆన్ అయ్యేటప్పుడు వింతగా ప్రవర్తిస్తుంది. కొన్ని వందల రూపాయల కేబుల్ మార్చడం మర్చిపోయి గ్రాఫిక్స్ కార్డ్ మార్చేదాకా వెళ్లడం అన్యాయం.

డ్రైవర్ మీద అనుమానం ఉంటే సమస్య ఎప్పుడు మొదలైందో గుర్తు చేసుకోవాలి. విండోస్ అప్‌డేట్‌తో కొత్త గ్రాఫిక్స్ డ్రైవర్ వచ్చిన వారంలోనే మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ చేసి చూడటమే దగ్గరి దారి. ఇక్కడ ఒక సంగతి చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. విండోస్ 8తో 2012లో వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినప్పుడు విండోస్ గుండెకాయ లాంటి కెర్నల్, డ్రైవర్లు పూర్తిగా దిగిపోవు. వాటి స్థితి డిస్కు మీద రాసిపెట్టి, మళ్లీ ఆన్ చేసినప్పుడు అదే తిరిగి ఎక్కుతుంది. అంటే రోజూ షట్‌డౌన్ చేసేవాళ్ల మెషిన్‌లో కూడా అస్తవ్యస్తమైన డ్రైవర్ రోజుల తరబడి అలాగే కొనసాగవచ్చు. నిజంగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ కొట్టాలి.

ఫ్యాన్లు తిరుగుతాయి, కీబోర్డు పలకదు

అన్నిటికంటే తికమక పెట్టేది ఈ రకమే. కరెంటు వచ్చింది, ఫ్యాన్లు తిరుగుతున్నాయి, క్యాప్స్‌లాక్ మాత్రం ఉలకదు పలకదు. బయాస్ దగ్గర ఆగి ఉండవచ్చు, విండోస్ దాకా వచ్చి ఏదో డ్రైవర్ దగ్గర చిక్కుకుని ఉండవచ్చు. బయటి నుంచి చూసి తేడా చెప్పడం కష్టం. లాగ్ చూస్తే తెలుస్తుంది.

మెషిన్ మళ్లీ ఆన్ చేశాక ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లో చూడాలి. స్లీప్‌లోకి వెళ్లేటప్పుడు కెర్నల్ పవర్ పేరుతో 42 నంబరు ఈవెంట్ రాసి ఉంటుంది. సరిగ్గా లేచినప్పుడు పవర్ ట్రబుల్‌షూటర్ పేరుతో 1వ నంబరు ఈవెంట్ ఉంటుంది. ఎప్పుడు పడుకుంది, ఎప్పుడు లేచింది, ఎవరు లేపారు అన్నీ అందులోనే ఉంటాయి. బలవంతంగా ఆపితే తర్వాతి బూటింగ్‌లో 41 నంబరు పడుతుంది. ఉదాహరణకు రాత్రి 11.20కి 42 ఉండి, ఉదయం 8.05కి నేరుగా 41 కనిపిస్తే, మధ్యలో ఏమీ లేకపోతే, విండోస్ లేచినట్టు ఆధారం లేదు. బయాస్, ర్యామ్, కరెంటు వైపు ముందుగా చూడాలి. అదే 11.20కి 42, ఉదయం 7.58కి 1, 8.05కి 41 ఉంటే కథ వేరు. విండోస్ 7.58కే లేచి కూర్చుంది, స్క్రీన్ రాలేదు కాబట్టి మనమే దాన్ని ఆపేశాం. ఈ రెండో వరస కనిపించిన మెషిన్‌లో ర్యామ్ మార్చడం శుద్ధ దండగ.

41 నంబరు ఈవెంట్‌లో డీటెయిల్స్ ట్యాబ్ కూడా తెరవాలి. అక్కడ బగ్‌చెక్ కోడ్ అని ఒక వరస ఉంటుంది. అది సున్నా అయితే విండోస్ ఏ బ్లూ స్క్రీనూ నమోదు చేయకముందే కరెంటు పోయిందన్నమాట. 159 అని ఉంటే అది పైన చెప్పిన 9ఎఫ్. లాగ్‌లో దశాంశ పద్ధతిలో రాస్తారు కాబట్టి అలా కనిపిస్తుంది. దాని దగ్గరలోనే స్లీప్ ఇన్ ప్రోగ్రెస్ అనే వరస ఉంటుంది. అది సున్నా కాకుండా ఉంటే మెషిన్ స్లీప్ ప్రక్రియ నడుస్తుండగా పడిపోయిందని అర్థం. సర్వీసుకు ఇచ్చేటప్పుడు ఈ అంకెలు కాగితం మీద రాసి ఇస్తే మంచి టెక్నీషియన్‌కు గంట పని తప్పుతుంది.

డ్రైవరే కారణమని తేలితే యూఎస్‌బీ పరికరాలన్నీ తీసేసి కీబోర్డు, మౌస్ మాత్రం ఉంచి చూడాలి. బ్లూటూత్ డాంగుల్, వైఫై అడాప్టర్, ఎప్పుడో పాత ప్రింటర్‌కు వేసిన సాఫ్ట్‌వేర్ లాంటివి తరచుగా అనుమానితులు. పవర్ ఆప్షన్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద ఉన్న లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్‌ను ఆఫ్ చేస్తే, ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలు నిద్ర నుంచి తిరిగి రాని సమస్య కొన్ని మెషిన్లలో పోతుంది. డిస్కు లేవకపోతే విండోస్ లాగ్ కూడా రాయలేదు. అందుకే లాగ్ ఖాళీగా ఉన్నప్పుడు బయాస్, ర్యామ్‌తో పాటు ఎస్‌ఎస్‌డీని కూడా మర్చిపోకూడదు.

విండోస్ దాకా రానేలేదంటే మొదట చూడాల్సింది బయాస్‌లోని ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో సెట్టింగ్. ఇవి ర్యామ్‌ను ప్రాథమిక వేగం కన్నా ఎక్కువ వేగంతో నడిపే ప్రొఫైళ్లు. రోజంతా గేములాడినా ఏ ఇబ్బందీ ఇవ్వని ర్యామ్, నిద్ర లేచేటప్పుడు పడిపోవచ్చు. మామూలు బూటింగ్‌లో బయాస్ ప్రతి ర్యామ్‌తో సమయాలను సరిచూసుకునే అవకాశం ఉంటుంది. ఎస్3 నుంచి లేచేటప్పుడు పాత సెట్టింగులనే నమ్ముకోవాలి. కాబట్టి అంచు మీద నడుస్తున్న ర్యామ్ ఇక్కడే బయటపడుతుంది. ఎక్స్‌ఎంపీ ఆపి కొన్నాళ్లు చూస్తే సంగతి తేలుతుంది. ఓవర్‌క్లాక్ సెట్టింగులు నిద్రను చెడగొట్టడం కొత్తేమీ కాదు. 2011లో వచ్చిన శాండీబ్రిడ్జ్ ప్రాసెసర్లను వేగంగా నడిపేవాళ్లు ఇంటర్నల్ పీఎల్ఎల్ ఓవర్‌వోల్టేజ్ అనే బయాస్ సెట్టింగ్ ఆన్ చేస్తే, చాలా బోర్డులు ఎస్3 నుంచి లేచేవి కావు. ఆ తర్వాతి మెట్టు బయాస్ అప్‌డేట్. అది నడుస్తుండగా కరెంటు పోతే బోర్డే పాడవ్వచ్చు కాబట్టి యూపీఎస్ మీద పెట్టి మాత్రమే చేయాలి.

అసలు చలనమే లేకపోతే

కీబోర్డు నొక్కితే ఏమీ కాదు, పవర్ బటన్ తడితే మాత్రం లేస్తుంది అంటే అది లోపమే కాకపోవచ్చు. కీబోర్డుకు లేపే అనుమతి లేదంతే. డివైస్ మేనేజర్‌లో కీబోర్డు ప్రాపర్టీస్ తెరిచి పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో అనుమతి ఇవ్వాలి. ఏయే పరికరాలకు అనుమతి ఉందో కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ డివైస్‌క్వెరీ వేక్ అండర్‌స్కోర్ ఆర్మ్డ్ అని కొడితే జాబితా వస్తుంది.

కాసేపు పడుకుంటే కీబోర్డుతోనే లేచి, రాత్రంతా ఉంచితే కీబోర్డుకు స్పందించని మెషిన్లూ ఉంటాయి. ఇందులో మర్మం లేదు. కొన్ని గంటల స్లీప్ తర్వాత హైబర్నేట్ అవ్వాలనే టైమర్ పవర్ ఆప్షన్స్‌లో ఉంటుంది. అది పూర్తయ్యాక మెషిన్ ఎస్3 వదిలి ఎస్4లోకి జారుకుంటుంది. చాలా బోర్డుల్లో ఎస్4లో యూఎస్‌బీ కీబోర్డుకు లేపే శక్తి ఉండదు. బయాస్‌లో ఈఆర్‌పీ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే అసలు యూఎస్‌బీ పోర్టులకు కరెంటే రాదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఆగి ఉన్న పరికరం లాగే కరెంటు 2010 నుంచి 1 వాట్‌కు, 2013 నుంచి 0.5 వాట్‌కు తగ్గాల్సి వచ్చింది. దాని కోసం బోర్డుల్లో చేరిన సెట్టింగ్ ఇది. పవర్ బటన్ ఒక్కసారి తట్టండి, ఫైళ్లన్నీ యథాతథంగా వస్తాయి.

బటన్ తట్టినా చలనం లేకుండా, వెనక ప్లగ్గు పీకి అరనిమిషం ఆగి పెడితేనే ఆన్ అవుతుంటే, అప్పుడు ఎస్‌ఎంపీఎస్ మీద గట్టి అనుమానం పెట్టుకోవాలి. మల్టీమీటర్ ఉన్నవారు ఊదారంగు వైరుకు, నల్ల వైరుకు మధ్య వోల్టేజీ చూడవచ్చు. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. మెషిన్ షట్‌డౌన్‌లో ఉన్నప్పుడు 5.0 చూపించి, స్లీప్‌లోకి వెళ్లాక 4.6కు జారితే దోషం దొరికినట్టే. స్లీప్‌లో ర్యామ్ భారం అదనంగా పడుతుంది, ముసలిదైన కెపాసిటర్ ఆ భారం మోయలేదు. ఈ పరీక్ష కనెక్టర్ వెనక వైపు నుంచి మాత్రమే చేయాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మూత మాత్రం తీయకూడదు. ప్లగ్గు పీకేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉండవచ్చు. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలోనో, ఊళ్లో షాపులోనో అసెంబుల్ చేయించుకునేటప్పుడు క్యాబినెట్‌తో పాటు వచ్చే చౌక ఎస్‌ఎంపీఎస్‌తో సరిపెట్టుకునేవాళ్లు చాలామంది. ప్రాసెసర్‌కు పెట్టే శ్రద్ధలో పదోవంతు దీని మీద పెట్టినా ఇలాంటి టెన్షన్లు చాలా తగ్గుతాయి.

లేస్తుంది కానీ అన్నీ మర్చిపోయి లేస్తుంది

బటన్ నొక్కగానే కంపెనీ లోగో వచ్చి మొదటి నుంచి బూట్ అయితే, ఆ మధ్యలో ర్యామ్‌కు కరెంటు అందలేదని ముందుగా అనుమానించాలి. డెస్క్‌టాప్‌కు బ్యాటరీ ఉండదు. ఒక్క క్షణం కరెంటు పోయినా స్లీప్ చెదిరిపోతుంది. దీని కోసమే మైక్రోసాఫ్ట్ 2007లో వచ్చిన విస్టా నుంచి హైబ్రిడ్ స్లీప్ పెట్టింది. పడుకునే ముందు ర్యామ్‌ను డిస్కు మీద కూడా రాసుకుంటుంది. కరెంటు పోకపోతే ర్యామ్ నుంచి, పోతే డిస్కు నుంచి తిరిగి లేస్తుంది. మీ మెషిన్‌లో ఇది ఉందో లేదో పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ ఏ అని కొడితే తెలుస్తుంది. వర్చువల్ మెషిన్ల కోసం హైపర్‌వైజర్ నడుస్తున్న సిస్టమ్‌లలో హైబ్రిడ్ స్లీప్ అందుబాటులో లేదని అది చెప్పడం చూడవచ్చు. అలాంటి మెషిన్‌లో స్లీప్ పూర్తిగా కరెంటు దయ మీదే ఉంటుంది.

యూపీఎస్ ఉంది కదా అనే ధీమా ఇక్కడ సరిపోదు. స్లీప్‌లో డెస్క్‌టాప్ లాగేది కొన్ని వాట్లే. కొన్ని యూపీఎస్‌లలో బ్యాటరీ ఆదా కోసం ఒక ఏర్పాటు ఉంటుంది. కరెంటు పోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు లోడు మరీ తక్కువగా ఉంటే, ఏదీ కలిపి లేదనుకుని కొద్ది నిమిషాల్లో తమంతట తామే ఆగిపోతాయి. పగలు పని చేసేటప్పుడు కరెంటు పోతే చక్కగా ఆదుకున్న యూపీఎస్, రాత్రి స్లీప్‌లో ఉన్నప్పుడు చేతులెత్తేయడం వెనక కారణం ఇది కావచ్చు. బ్యాటరీ పాడైందనుకుని కొత్తది వేయించినా మార్పు రాదు. పరీక్షించడం తేలిక. ఫైళ్లన్నీ సేవ్ చేసి, సిస్టమ్‌ను స్లీప్‌లో పెట్టి, యూపీఎస్ ప్లగ్గు ఉన్న గోడ స్విచ్ ఆపేసి పావుగంట చూడాలి. యూపీఎస్ దానంతటది ఆగిపోతే, ఆ ఏర్పాటును ఆపే వీలుందేమో మాన్యువల్‌లో చూడాలి. లేకపోతే స్లీప్ బదులు హైబర్నేట్ వాడాలి. వేసవిలో గంటల తరబడి కరెంటు పోయే ఊళ్లలో, పేజ్‌మేకర్‌లో పెళ్లి కార్డు సగం చేసి వెళ్లిపోయే డీటీపీ సెంటర్లకు ఇది చిన్న విషయం కాదు.

హైబ్రిడ్ స్లీప్, హైబర్నేట్ రెండూ ఆధారపడేది సీ డ్రైవ్‌లోని ఒకే హైబర్నేషన్ ఫైలు మీద. డిస్కు నుంచి లేచే ప్రయత్నంలో మధ్యలో ఆగిపోతుంటే ఆ ఫైలు చెడిపోయి ఉండవచ్చు. అడ్మినిస్ట్రేటర్‌గా పవర్‌సీఎఫ్‌జీ స్లాష్ హెచ్ ఆఫ్ అని కొట్టి, రీస్టార్ట్ చేసి, మళ్లీ ఆన్ అని కొడితే ఫైలు కొత్తగా తయారవుతుంది.

లైనక్స్ వాడేవారికి

లైనక్స్‌లో వరస ఇదే గానీ పనిముట్లు ఇంకా పదునైనవి. సిస్ ఫోల్డర్‌లో పవర్ కింద ఉండే మెమ్ స్లీప్ ఫైల్లో ఏ రకం స్లీప్ ఎంపికైందో కనిపిస్తుంది. డీప్ అంటే ఎస్3, ఎస్2ఐడిల్ అంటే కరెంటు పూర్తిగా ఆపకుండా ప్రాసెసర్‌ను మాత్రం పడుకోబెట్టడం. డీప్‌లో లేవని మెషిన్ ఎస్2ఐడిల్‌లో లేస్తే బయాస్, ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ దారిలో ఎక్కడో లోపం ఉన్నట్టు. ఎన్‌విడియా కార్డులు ఉన్నవారికి లేచాక స్క్రీన్ చెదిరిపోవడం పాత బాధ. నిద్రపోయే ముందు వీడియో మెమరీని భద్రపరిచే డ్రైవర్ ఆప్షన్, దానితో పాటు వచ్చే సస్పెండ్, రెజ్యూమ్ సర్వీసులు ఆన్‌లో ఉంటే అది చాలా వరకు తగ్గుతుంది.

లేచే దారిలో ఏ డ్రైవర్ దగ్గర ఆగిందో తెలుసుకోవడానికి కెర్నల్‌లో పీఎం ట్రేస్ అనే ఏర్పాటు ఉంది. డిస్కు ఇంకా లేవని దశలో లాగ్ ఎక్కడ రాయాలి? ర్యామ్ రీస్టార్ట్‌తో పోతుంది. మిగిలింది బటన్ సెల్ మీద నడిచే గడియారం ఒక్కటే. అందుకే కెర్నల్ ప్రతి మెట్టునూ ఒక సంఖ్యగా మార్చి గడియారంలో తేదీ, సమయం స్థానంలో రాస్తూ పోతుంది. మెషిన్ ఆగిపోయాక వెంటనే రీస్టార్ట్ చేసి కెర్నల్ లాగ్ చూస్తే ఆ సంఖ్య ఏ పరికరంతో సరిపోతుందో చెబుతుంది. ఈ పరీక్ష తర్వాత తేదీ తప్పుగా ఉంటుంది, మళ్లీ సరిచేసుకోవాలి.

స్లీప్ ఆపేయడం ఎప్పుడు సబబు

మానిటర్, డ్రైవర్ గొడవల వల్ల స్లీప్‌ను ఆపేసుకుంటే పెద్ద నష్టం లేదు, కరెంటు బిల్లు కాస్త పెరుగుతుంది. కానీ 42 తర్వాత ఏమీ లేకుండా 41 పడుతున్న మెషిన్‌లో స్లీప్ ఆపేయడం ప్రమాదం. ముసలిదైన స్టాండ్‌బై విభాగం, అంచు మీద నడుస్తున్న ర్యామ్ అలాగే ఉండిపోతాయి, వాటి సంగతి చెప్పే ఒక్క గుర్తు మాత్రం పోతుంది. ర్యామ్ తప్పుగా చదివితే ఏదో ఒకరోజు ఫైలు చెడిపోయి తెలుస్తుంది, స్టాండ్‌బై పూర్తిగా పోతే ఉదయం బటన్ నొక్కినా సిస్టమ్ ఆన్ కాదు. అలాంటి మెషిన్‌లో ఖర్చు తక్కువైన వాటి నుంచి వరసగా వెళ్లడం మేలు. ముందు ఎక్స్‌ఎంపీ ఆపాలి, తర్వాత ర్యామ్ స్టిక్కులు ఒక్కొక్కటిగా పెట్టి చూడాలి, ఆ తర్వాత తెలిసినవాళ్ల దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి రెండు మూడు రాత్రులు నడపాలి. మదర్‌బోర్డు వంతు వీటన్నిటి తర్వాతే.